మార్కెట్ పడిన నెలలోనూ ఇల్లు గడవాలంటే: రిటైర్మెంట్ సొమ్ము సర్దుకునే పద్ధతి

ఆర్టీసీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసిన రోజుల్లో ఎంతోమంది సెటిల్‌మెంట్ ఫైళ్లు నా టేబుల్ మీదుగా వెళ్లాయి. డ్రైవర్లవి, కండక్టర్లవి, గ్యారేజీ మెకానిక్‌లవి, ఆఖరికి నాదీ. పీఎఫ్, గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ అన్నీ కలిసి ఖాతాలో పడిన రోజు మాలో చాలామందికి అది పుట్టి బుద్ధెరిగాక చూసిన అతి పెద్ద అంకె. ఆ తర్వాత నెలనెలా వచ్చేది ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు నడిచే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ ఒక్కటే. పెన్షన్‌కు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే వచ్చేదే ఆ పెన్షన్. ఆ జీతానికి 2014 సెప్టెంబరు దాకా 6,500 రూపాయల పరిమితి ఉండేది, తర్వాత 15,000 చేశారు. ఆ పరిమితితో పని లేకుండా అసలు జీతం మీద లెక్కగట్టే హయ్యర్ పెన్షన్ వచ్చినవాళ్ల సంగతి వేరు, మిగతావాళ్లకు మూడు నాలుగు వేల దగ్గరే ఆగిపోతుంది. పైగా దానికి డీఏ లేదు. ఈరోజు నాలుగు వేలయితే ఇరవై ఏళ్ల తర్వాతా అదే నాలుగు వేలు.

అంటే ఆ సెటిల్‌మెంట్ సొమ్మే పాతికేళ్లు ఇల్లు నడపాలి. ధరలు ఏటా ఆరు శాతం చొప్పున పెరిగితే, ఇవాళ 28,000తో గడిచే ఇంటికి పన్నెండేళ్ల తర్వాత 56,000 కావాలి. అందుకే మొత్తం తీసుకెళ్లి ఎఫ్‌డీలో పెట్టి కూర్చుంటే కుదరదు, కొంత మార్కెట్‌లో ఉండాల్సిందే. మార్కెట్‌లో ఉన్నాక అది ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. పడినప్పుడల్లా కరీంనగర్‌లో నా ఫోన్ మోగుతుంది: "సార్, మ్యూచువల్ ఫండ్ల పైసలు తీసేయాల్నా, ఉంచాల్నా?"

పడ్డాక అడిగితే దీనికి మంచి జవాబు దొరకదు. ముందే సర్దుకుని ఉంటే అడగాల్సిన అవసరమే రాదు. ఆ సర్దుకోవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. నేను మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదైన సలహాదారుని కాను, అంకెలతో ఉద్యోగం చేసినవాణ్ని. లెక్కలన్నీ చూపిస్తాను, మీ అంకెలు పెట్టి మీరే చేసుకోండి.

నెలనెలా తీసుకునేవాళ్లకు లెక్క ఎందుకు మారుతుంది

"అమ్మితేనే నష్టం, అమ్మకపోతే కాగితం మీద నష్టమే" అని టీవీలో చెబుతుంటారు. జీతం వచ్చేవాడికి అది నిజమే. జీతం ఆగిపోయిన మనకు మాత్రం పాల బిల్లు, కరెంటు బిల్లు, బీపీ గోలీలు అమ్మక తప్పని పరిస్థితి తెస్తాయి.

అన్నదమ్ములిద్దరు ఒక్కొక్కరు 20 లక్షలు ఈక్విటీ ఫండ్‌లో, అంటే షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్‌లో, పెట్టారనుకోండి. ఇద్దరూ ఏడాది మొదట్లో 2 లక్షలు తీసుకుంటారు. అన్నకు మొదటి ఏడాది మార్కెట్ 40 శాతం పడింది, రెండో ఏడాది 20 శాతం, మూడో ఏడాది 40 శాతం పెరిగింది. తమ్ముడికి అవే మూడు సంవత్సరాలు తిరగేసి వచ్చాయి: ముందు 40 పెరిగి, తర్వాత 20 పెరిగి, చివర 40 పడింది. ఇద్దరూ పైసా తీయకుండా ఉంటే మూడేళ్ల తర్వాత ఇద్దరి దగ్గరా 20 లక్షల 16 వేలు ఉండేవి. తీసుకున్నారు కాబట్టి అన్న దగ్గర 11 లక్షల 98 వేలు మిగిలాయి, తమ్ముడి దగ్గర 15 లక్షల 50 వేలు. ఒకే మార్కెట్, ఒకే ఖర్చు, మూడున్నర లక్షల తేడా. రిటైరైన మొదటి నాలుగైదేళ్లలో పతనం వస్తేనే ఎక్కువ దెబ్బ అనడం ఇందుకే.

యూనిట్లలో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, 50 ఉన్నప్పుడు 15,000 కావాలంటే 300 యూనిట్లు అమ్మితే చాలు. అది 30కి పడితే 500 అమ్మాలి. రేపు మార్కెట్ మళ్లీ లేచినా ఆ అదనపు 200 యూనిట్లు మన దగ్గర ఉండవు, పెరిగేది మిగిలినవి మాత్రమే. ఎస్‌డబ్ల్యూపీ (నెలనెలా కొన్ని యూనిట్లు అమ్మి డబ్బు ఖాతాలో వేసే ఏర్పాటు) పెట్టుకున్నవాళ్లకు ఇది వాళ్లకు తెలియకుండానే ప్రతినెలా జరిగిపోతుంది. ఖాతాలో డబ్బు టంచనుగా పడుతుంది కాబట్టి ఎవరూ యూనిట్ల సంఖ్య చూడరు. స్టేట్‌మెంట్‌లో ముందు చూడాల్సింది ఆ గడినే.

ఎన్నేళ్ల ఖర్చు విడిగా పెట్టాలి

2020 పతనం చూసినవాళ్లకు పతనం అంటే ఎనిమిది నెలల వ్యవహారం అన్న నమ్మకం కుదిరింది. ఆ జనవరిలో 12,400 దాటిన నిఫ్టీ మార్చి 24న 7,511 దాకా పడి, నవంబరుకల్లా పాత ఎత్తుకు చేరింది. ఇది మంచి అనుభవమే, కానీ ప్రతిసారీ ఇలా జరగదు. 2008 జనవరిలో సెన్సెక్స్ 21,000 చూసింది, 2009 మార్చికి 8,200 దిగువకు వచ్చింది, మళ్లీ 21,000 దగ్గర ముగిసింది 2010 దీపావళి నాడు. అంతకుముందు ఇంకా పొడుగు: 2000 ఫిబ్రవరిలో 6,000 దాటింది, 2001 సెప్టెంబరులో 2,600కు పడింది, తిరిగి 6,000 దాటేసరికి 2004 జనవరి వచ్చింది. దాదాపు నాలుగేళ్లు. జపాన్ నిక్కీ అయితే 1989 డిసెంబరు నాటి ఎత్తును 2024 ఫిబ్రవరిలో గానీ దాటలేదు.

చాలామంది మూడేళ్ల ఖర్చు చాలంటారు. నేను ఐదేళ్లు అంటాను. కొంచెం వడ్డీ తక్కువొచ్చినా సరే, నిద్ర పడుతుంది. డిపోలో షెడ్యూళ్లకు సరిపడా బస్సులతోనే సరిపెట్టుకోం, స్పేర్ బస్సులు ఉంచుతాం. అవి నిలబడి ఉన్న రోజున దండగ అని ఎవరూ అనరు.

డబ్బును ఎలా విడదీయాలి

ఒక ఇంటి లెక్క తీసుకుందాం. భార్యాభర్తలు, సొంతిల్లు, నెలకు 28,000 ఖర్చు. ఈపీఎస్ 4,000. నెలకు ఇంకా 24,000 కావాలి. చేతిలో ఉన్నది 50 లక్షలు: సెటిల్‌మెంట్ 36, ఎప్పుడో కొన్న ప్లాటు అమ్మితే వచ్చిన 14.

ముందు 30 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కరికి పరిమితి 30 లక్షలకు పెంచారు, అప్పుడే వడ్డీ 8.2 శాతం చేశారు. రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది, కాబట్టి మీరు కట్టే రోజున ఎంతుందో పోస్టాఫీసులో అడగండి. కట్టిన రోజు రేటే మీకు ఐదేళ్లూ ఉంటుంది, ఈ పథకంలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. 8.2 ప్రకారం 30 లక్షలకు మూడు నెలలకు 61,500 వస్తుంది, ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి ఒకటో తేదీల్లో. నెలకు 20,500 పడినట్టు. తీసుకోకుండా వదిలేసిన వడ్డీ మీద వడ్డీ రాదు, అందుకని అది సేవింగ్స్ ఖాతాలో జమయ్యేలా రాయించుకోండి. వడ్డీకి పన్ను ఉంది. పన్ను కట్టాల్సినంత ఆదాయం లేనివాళ్లు టీడీఎస్ కోయకుండా ఏటా ఏప్రిల్‌లోనే డిక్లరేషన్ ఇవ్వాలి, మనం ఇన్నేళ్లూ 15హెచ్ అని పిలుస్తూ వచ్చిన కాగితం. మార్చిలో గుర్తొస్తే అప్పటికే కోసేసి ఉంటారు, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి.

ఐదేళ్లలోపు మూసేస్తే కోత ఉంటుంది: ఏడాదిలోపైతే ఇచ్చిన వడ్డీ వెనక్కి పట్టుకుంటారు, ఏడాది నుంచి రెండేళ్ల మధ్య అసలులో ఒకటిన్నర శాతం, రెండేళ్లు దాటితే ఒక శాతం. కాబట్టి అత్యవసరానికి దీన్ని లెక్కలో వేసుకోకూడదు.

ఆ అత్యవసరానికి 4 లక్షలు వేరే ఉంచాలి. కొంత సేవింగ్స్ ఖాతాలో, కొంత ఎప్పుడంటే అప్పుడు తీయగల ఎఫ్‌డీలో. భార్యాభర్తలిద్దరూ తీసుకోగలిగేలా "ఐదర్ ఆర్ సర్వైవర్" అని రాయించాలి. ఆరోగ్య బీమా ఈ 4 లక్షలకు తోడు, ప్రత్యామ్నాయం కాదు. ఆసుపత్రివాళ్లు అడ్మిషన్ దగ్గరే కొంత కట్టించుకుంటారు, క్లెయిమ్‌లో కోతలు పోను మనం భరించేది ఉంటుంది. నేను చూసినంతలో మార్కెట్ అడుగున ఉన్నప్పుడు యూనిట్లు తెగనమ్ముకున్నవాళ్లలో భయపడి అమ్మినవాళ్ల కంటే ఆసుపత్రి బిల్లు కోసం అమ్మినవాళ్లే ఎక్కువ.

తర్వాత 6 లక్షలు ఎఫ్‌డీ మెట్లు. ఒక్కొక్కటి 1 లక్షా 20 వేల చొప్పున ఐదు ఎఫ్‌డీలు: ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకు, అలా ఐదేళ్ల దాకా. నెలకు తగ్గుతున్నది 3,500, ఏడాదికి 42,000. మరి 1 లక్షా 20 వేలు ఎందుకని అడుగుతారు. ధరలు పెరుగుతాయి, పళ్ల డాక్టరు ఉంటాడు, స్లాబు కురుస్తుంది, మేనకోడలి పెళ్లికి కట్నం చదివించాలి. ఖర్చు లెక్కలో నెల సామాను రాసుకున్నంత శ్రద్ధగా ఎవరూ ఇవి రాయరు. ఏ ఏడాది ఎఫ్‌డీ ఆ ఏడాది తీరుతుంది, మిగిలింది చివరి మెట్టుకు మళ్లీ వేయొచ్చు.

చివరికి మిగిలిన 10 లక్షలు మార్కెట్‌లో. మొత్తంలో ఐదో వంతు. ఇది సున్నాకి సున్నా అయినా ఐదేళ్లు ఇల్లు గడుస్తుంది, సున్నా కాదు కాబట్టి పన్నెండేళ్ల తర్వాతి 56,000కు దారి దొరుకుతుంది. ప్రభుత్వ పెన్షన్ డీఏతో వచ్చేవాళ్లు ఈక్విటీ ఇంకొంచెం పెంచుకోవచ్చు, వాళ్ల నెల ఖర్చు మార్కెట్ మీద ఆధారపడి లేదు.

ఆ 10 లక్షలతో ఏం కొనాలి? నిఫ్టీలో ఉన్న కంపెనీలన్నిటినీ కొనే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ ఒకటి చాలు, ఇంకొకటి కావాలంటే ఈక్విటీ, డెట్ (బాండ్ల లాంటి అప్పు పత్రాలు) కలిసిన హైబ్రిడ్ ఫండ్. ఒకే కంపెనీ షేరు మాత్రం వద్దు, అది ఎంత మనదైనా సరే. 2009 జనవరి 7న లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ సత్యం రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చిన రోజు ఆ షేరు సుమారు 179 నుంచి 40కి వచ్చింది, ఒక్క పూటలో. హైదరాబాద్ కంపెనీ, మనవాళ్ల కంపెనీ అని కూడబెట్టుకున్నవాళ్లు ఎందరో. మార్కెట్ మొత్తం పడితే లేస్తుందని ఆశపడొచ్చు, ఒక కంపెనీ పడితే ఆ హామీ లేదు.

పడటం మొదలయ్యాక

మొదటి పని, ఎస్‌డబ్ల్యూపీ ఆపడం. ఫండ్ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో రద్దు పెట్టొచ్చు. దానికి కొన్ని పనిదినాలు పడుతుంది, కాబట్టి వాయిదా తేదీ దగ్గరపడక ముందే పెట్టండి. నా కొలత ఇది: నిఫ్టీ తన ఈమధ్యటి ఎత్తు నుంచి 10 శాతం పడితే ఏమీ చేయను, అది దాదాపు ఏటా జరిగేదే. 20 శాతం పడితే ఈక్విటీ నుంచి తీయడం ఆగిపోతుంది, ఎఫ్‌డీ మెట్టు వాడకంలోకి వస్తుంది. 2024 సెప్టెంబరు 27న 26,277 తాకిన నిఫ్టీ 2025 ఏప్రిల్ 7న 22,000 దిగువకు వచ్చింది, అంటే సుమారు 17 శాతం. నా లెక్కలో అప్పుడు కూడా చేయాల్సిందేమీ లేదు. కానీ ఆ ఆరు నెలలూ వాట్సాప్ గ్రూపులు చూస్తే ప్రళయం వచ్చినట్టే ఉండేది.

రెండో పని, తేదీలు చూసుకోవడం. పోస్టాఫీసు వడ్డీ తర్వాత ఎప్పుడు పడుతుంది, ఏ ఎఫ్‌డీ ఎప్పుడు తీరుతుంది. ఈ రెండూ క్యాలెండర్ మీద రాసి ఉంటే భయం సగం తగ్గుతుంది. నిఫ్టీ అంకె కంటే ఆ తేదీలే మన ఇంటికి సంబంధించినవి.

ఇక చేయకూడనివి. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాల రోజు సెన్సెక్స్ దాదాపు 4,400 పాయింట్లు పడింది. ఆ సాయంత్రం అమ్మినవాళ్లు వారం తిరక్కుండానే నాలుక్కరుచుకున్నారు. దీనర్థం ఎప్పుడూ వారంలోనే లేస్తుందని కాదు. ఆ రోజు టీవీ చూసి తీసుకున్న నిర్ణయానికి మన ఇంటి ఖర్చుతో ఏ సంబంధమూ లేదు, అంతే.

బంగారం కుదువబెట్టి "అగ్గువకు దొరుకుతున్నయ్" అని కొనడం ఇంకా ప్రమాదం. పోగొట్టుకున్నది రాబట్టడానికి ఆప్షన్ల (ధర ఎటు పోతుందోనని కాసే పందెం లాంటివి) జోలికి వెళ్లడం అన్నిటికంటే ఘోరం. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తిగత ట్రేడర్లలో వందకు 93 మంది నష్టపోయారని సెబీయే లెక్క తీసింది. మూడేళ్లకు కలిపి లక్షా 80 వేల కోట్ల పైమాటే. ఈ వయసులో ఆ ఏడుగురిలో ఉంటామనుకోవడం ఏం లెక్క?

ఇంకో మాట, అమెరికాలో ఉన్న పిల్లల గురించి. నాతో పనిచేసిన ఒకాయన కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. మార్కెట్ పడగానే ఫోన్ చేసి "డాడీ, ఇప్పుడే ఇంకా వెయ్యాలి, నేనైతే 401కేలో పెంచా" అన్నాడట. 401కే అంటే అక్కడి ఉద్యోగుల రిటైర్మెంట్ ఖాతా. ఆ అబ్బాయి చెప్పింది తప్పు కాదు, అతని వరకు. అతనికి రెండు వారాలకోసారి జీతం వస్తుంది, ఆ డబ్బు తీయడానికి పాతికేళ్ల టైం ఉంది, ధర పడితే అతనికి లాభమే. తండ్రికి జీతం లేదు, తీయాల్సింది వచ్చే నెలే. పిల్లలు ప్రేమతోనే చెబుతారు, వాళ్ల వయసుకు సరిపోయే సలహా చెబుతారు. ఆ మాటే కొడుకుతో అనండి, నొచ్చుకోడు.

సేఫ్ అనుకున్న చోట ఉన్న రిస్కు

మార్కెట్ పడ్డప్పుడు జనం పరుగెత్తేది "గ్యారంటీ" వైపు. అసలు దెబ్బలు ఎక్కువగా అక్కడే తగులుతాయి. మన రాష్ట్రాల్లో అగ్రిగోల్డ్ పేరు చెబితే చాలు, ఊరికో పది కుటుంబాలు గుర్తొస్తాయి. వాళ్లెవరూ షేర్ మార్కెట్ జోలికి వెళ్లినవాళ్లు కారు, ఆ భయంతోనే ఇటు వచ్చినవాళ్లు.

బ్యాంకు డిపాజిట్‌కు బీమా ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకానే, అసలూ వడ్డీ కలిపి. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్ష మాత్రమే. అందుకే ఎఫ్‌డీ మెట్లన్నీ ఒకే చోట కట్టొద్దు, అర శాతం ఎక్కువ ఇస్తోందని చిన్న సహకార బ్యాంకులో మొత్తం పెట్టొద్దు. ఒకే బ్యాంకు రెండు బ్రాంచీల్లో పెడితే రెండు బీమాలు రావు, ఇది చాలామందికి తెలియదు.

డెట్ ఫండ్ అంటే ఎఫ్‌డీ లాంటిదే అని అమ్మేవాళ్లు చెబుతారు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఒకేసారి ఆరు డెట్ పథకాలను మూసేసింది. డబ్బు తర్వాత విడతలుగా తిరిగొచ్చింది నిజమే, కానీ లాక్‌డౌన్‌లో చేతిలో పైసా ఆడని రిటైర్డ్ మనిషికి "తర్వాత" అన్నది ఓదార్పు కాదు. అంతకు ముందు నెల మార్చిలో యస్ బ్యాంక్ ఏటీ1 బాండ్లు (బ్యాంకు దెబ్బతింటే రద్దు చేయగల అప్పు పత్రాలు) 8,415 కోట్లు మొత్తం రద్దయ్యాయి. వాటిలో ఎక్కువ వడ్డీకి ఆశపడి కొన్న పెద్దవాళ్లూ ఉన్నారు. నేను పెట్టుకున్న నియమం: ప్రభుత్వ పథకం కంటే ఒకటిన్నర శాతం మించి ఎక్కువ ఇస్తున్నారంటే, ఎందుకిస్తున్నారో రెండు వాక్యాల్లో నాకు అర్థమయ్యేలా చెప్పగలగాలి. చెప్పలేకపోతే వద్దు. చిట్టీలైతే రిజిస్టర్ అయినవే కట్టండి, ఎత్తుకున్న డబ్బును నెల ఖర్చు లెక్కలో కలపకండి.

ఉగాదికోసారి

ఏడాదికి ఒక్కసారే లెక్క చూస్తాను, ఉగాది వారంలో. పంచాంగ శ్రవణంలో మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని వింటాం కదా, ఇంటి లెక్కకూ అదే మంచి రోజు. ఇంకో సౌకర్యం ఉంది: ఉగాది ఆర్థిక సంవత్సరం మారే రోజులకు అటూ ఇటుగా వస్తుంది.

చూసేది ఒక్కటే, మొత్తంలో ఈక్విటీ ఎంత శాతం. 10 లక్షలు పెరిగి 13 లక్షల 50 వేలయితే, మొత్తం 53 లక్షల 50 వేలు అవుతుంది, అందులో ఈక్విటీ 25 శాతం. అప్పుడు 2 లక్షల 80 వేల రూపాయల విలువైన యూనిట్లు అమ్మి 20 శాతానికి తెస్తాను, ఆ డబ్బు ఖాళీ అయిన ఎఫ్‌డీ మెట్టులోకి వెళ్తుంది. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల మీద లాభం ఒక ఆర్థిక సంవత్సరంలో 1 లక్షా 25 వేల దాకా పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. పై లెక్కలో అమ్మినదాంట్లో లాభం సుమారు 73 వేలే, పన్ను పడదు. లాభం అంతకంటే పెద్దదైతే సగం మార్చి 31 లోపు, సగం ఏప్రిల్‌లో అమ్మితే రెండు సంవత్సరాల మినహాయింపూ వాడుకోవచ్చు.

మార్కెట్ బాగున్నప్పుడు ఇలా అమ్మడం మనసుకు చాలా కష్టం. పడ్డప్పుడు ఓపిక పట్టడం కంటే ఇదే కష్టమని నా అభిప్రాయం. "ఇంకా పెరుగుతుందటగా" అని ప్రతి ఒక్కరూ అంటారు. పెరగనీయండి, మిగతా 20 శాతం అక్కడే ఉంది.

తలకిందులుగా, 10 లక్షలు 6 లక్షల 50 వేలకు పడితే ఈక్విటీ 14 శాతానికి వస్తుంది. పుస్తకం ప్రకారమైతే 2 లక్షల 80 వేలు ఎఫ్‌డీల నుంచి తీసి ఈక్విటీలో వేయాలి. ఈపీఎస్ పెన్షనర్లకు నేను అది చెప్పను. వేస్తే ఐదో మెట్టు ఎఫ్‌డీ ఒక్కటి, 1 లక్షా 20 వేలు, అంతకుమించి వద్దు. ముందున్న నాలుగు మెట్లు ముట్టుకుంటే ఈ పద్ధతి మొత్తానికి అర్థమే లేదు.

రిటైర్మెంట్ ఇంకా రెండు మూడేళ్లుంటే

నెలనెలా ఫండ్‌లో వేసే సిప్‌లు ఆపొద్దు. కానీ రిటైరైన మొదటి ఐదేళ్లకు కావాల్సిన డబ్బును ఇప్పట్నుంచే ఏటా కొంత ఈక్విటీ నుంచి ఎఫ్‌డీలోకి దించండి, ఆఖరి నెలలో ఒక్కసారిగా కాదు. ఆ నెలలో మార్కెట్ ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? సీపీఎస్‌లో (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల ఎన్‌పీఎస్) ఉన్నవాళ్లకు టెన్షన్ కొంత తక్కువ, ప్రభుత్వ ఉద్యోగుల డిఫాల్ట్ పథకంలో ఈక్విటీ కొంత భాగమే. ఎన్‌పీఎస్ ఏదైనా సరే, 60 నిండిన రోజే మొత్తం తీసేయాలని లేదు. మార్కెట్ పడి ఉంటే లంప్‌సమ్ వాయిదా వేసుకునే ఆప్షన్ ఉంది, కాగితం టైంకి ఇవ్వాలి. కూతురి పెళ్లి మూడేళ్లలో ఉంటే ఆ డబ్బు మార్కెట్‌లో ఒక్క రూపాయి కూడా ఉండకూడదు.

బీరువాలో పెట్టాల్సిన కాగితం

ఇదంతా ఒక తెల్ల కాగితం మీద తెలుగులో రాసి, భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టుకోండి. నాది ఇలా ఉంది:

"నెల ఖర్చు వచ్చేది పోస్టాఫీసు వడ్డీ నుంచి, ఈపీఎస్ నుంచి. తక్కువైతే ఈ ఏడాది ఎఫ్‌డీ నుంచి. నిఫ్టీ 20 శాతం పడితే ఫండ్‌లోంచి తీయడం ఆపాలి. తిరిగి మొదలుపెట్టేది ఉగాది లెక్క చూశాకే. ఆసుపత్రికి వేరే ఖాతా, కార్డు పిన్ ఇద్దరికీ తెలుసు. నేను లేకపోతే ఫండ్ యూనిట్లు ఏడాది దాకా అమ్మొద్దు, తొందరపెట్టేవాళ్లెవరైనా సరే."

చివరి వాక్యం మా ఆవిడ రాయించింది. వాళ్ల అక్కగారికి భర్త పోయిన నెలలోనే ఒక ఏజెంటు వచ్చి ఉన్న ఫండ్లన్నీ అమ్మించి, పదేళ్లు ప్రీమియం కట్టాల్సిన పాలసీ అంటగట్టాడు. కాగితం కింద ఖాతాల జాబితా ఉండాలి: ఏ బ్యాంకు, ఏ పోస్టాఫీసు, ఫోలియో నంబరు, నామినీ ఎవరు. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో ఒకసారి సరిచూడండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడాకే సెటిల్‌మెంట్ ఫైళ్లు నెలల తరబడి ఆగడం నేను ఉద్యోగంలో ఎన్నోసార్లు చూశాను.

మార్కెట్ పడ్డ రోజుల్లో "మీ నష్టం మేం రికవరీ చేస్తాం, సెబీ సర్టిఫికెట్ ఉంది" అంటూ ఫోన్లు, టెలిగ్రామ్ గ్రూపులు మొదలవుతాయి. సలహాదారు నిజంగా నమోదైనవాడో కాదో సెబీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. మోసపోయి డబ్బు పంపేస్తే 1930కి వెంటనే ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరు కూడా కాగితం మీదే, పైన ఎర్ర ఇంకుతో రాసుకోండి.